పక్కన నిలబడి ‘సరి’ అనే మనిషి

నినోమియా చినత్సు గొంతు వినిపిస్తే చాలు, ఓచి కజుయోకి నోట్లో ముద్ద దిగేది కాదు. అది చెడ్డ గొంతయితే ఇంత బాధ లేదు. తొణక్కుండా బెణక్కుండా, ఈ మూల నుంచి ఆ మూలకి దారం లాగి కట్టినట్టు సాగే గొంతు. అంబులెన్స్ నుంచి చినత్సు ఫోన్ చేస్తే ఆస్పత్రిలో సుగా డాక్టరు, “ఆఁ, నినోమియానా? చెప్పమ్మా” అనేవారు. కజుయో చేస్తే, “ఎవరు?” అనేవారు.

కజుయో ఆ రేవు ఊరి ఫైర్ స్టేషన్‌లో అంబులెన్స్ ఎక్కేనాటికి చినత్సు భుజానికి ఇంకా బడి సంచీ ఎక్కలేదు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళని మేడ మెట్ల మీద నుంచి మోసుకుని దించింది కజుయోనే. కానీ మోయడం వేరు, మందివ్వడం వేరు. ఆమె అత్యవసర చికిత్స లైసెన్సు తెచ్చుకున్న రోజుల్లో అందులో మందుల పాఠం లేదు. తరువాత అది విడిగా నేర్చుకుని, ఆస్పత్రిలో చేసి చూపించి, పరీక్ష నెగ్గి తెచ్చుకోవలసిన అనుమతి అయింది. కజుయో వంతు వచ్చిన ప్రతిసారీ ఫలానావాడికి పిల్లలున్నారనో, ఫలానావాడికి పదోన్నతి దగ్గరపడిందనో వెనక్కి నెట్టారు. చివరికి ఎవరూ నెట్టనప్పుడు నాన్న మంచాన పడ్డాడు. ఆయన పోయాక వెళ్ళింది. పరీక్షలో చెయ్యి వణికి తప్పింది.

చినత్సుకి అదే అనుమతి కాలేజీ చదువుతోపాటే వచ్చేసింది, భోజనంతో ఊరగాయ వచ్చినట్టు.

ఎవరైనా పడిపోయారని పిలుపొస్తే, కజుయో రోగి తల దగ్గర కూర్చుని ఊపిరి అందించే గాలి సంచీ నొక్కేది. చినత్సు మోకాళ్ళ మీద వంగి సూది పెట్టేది. ఇంటివాళ్ళ కళ్ళన్నీ ఆ సూది మీదే. గాలి సంచీ వైపు ఎవరు చూస్తారు?

ఇంటికెళ్తే అక్కడా అదే గోల. కజుయో తల్లి తొమికోకి రేవు దగ్గర చిన్న దుకాణం. చిన్న చేపల్ని ముల్లుతో సహా రుబ్బి, బిళ్ళలు చేసి వేయించి అమ్ముతుంది.

“ఏమే కజూ, మీ స్టేషన్ పిల్ల వచ్చిందే ఇవాళ. ఎంత చక్కగా వంగి దణ్ణం పెట్టిందనుకున్నావ్! వేడివేడిది ఊదుకుంటూ తిని, ఇంకోటి అడిగి మరీ తింది.”

“ఆకలేసి ఉంటుంది.”

“రుచి తెలిసిన పిల్ల. నువ్వేమో ఎప్పుడూ చల్లారిపోయాక తింటావు.”

“నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నువ్వు చల్లారినవే ఉంచుతావు కదమ్మా.”

“అదిగో, ప్రతిదానికీ ఆ మొహం పెట్టకు. నూనె విరుగుతుంది.”

కజుయో ఆ రాత్రి చేప బిళ్ళ ముట్టుకోలేదు.

మరుసటి వారం కెప్టెన్ కికుచి స్టేషన్ వంటగదిలో అందరికీ కూర కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. “ఓచీ, ఈ శరత్కాలం పరీక్షకి మళ్ళీ నీ పేరే పంపుతున్నాం. నినోమియాతో కలిసి సాధన చెయ్యి.”

“ఆవిడతోనా?”

“మందిచ్చే మనిషి పక్కన సరిచూసే మనిషి ఉండాలి కదా. పరీక్షకీ ఇద్దరూ కలిసే వెళ్తారు.”

“ఈ వయసులో నాకు ఆ పిల్ల చేత పాఠం చెప్పిస్తారా?”

“పోనీ, నేను చెప్పనా? నాకు కూరలో ఉప్పెంతో కూడా తెలీదు.”

“అది తినేవాళ్ళందరికీ తెలుసు కెప్టెన్ గారూ.”

కజుయో నవ్వింది కానీ, ఈసారి తప్పితే మళ్ళీ పంపరని ఆమెకి తెలుసు. ఎవరూ అనలేదు, అననక్కర్లేదు. గాలి సంచీ నొక్కుతూనే పింఛను తీసుకోవాలి.

సాధన అంబులెన్స్ షెడ్డులో జరిగేది. రబ్బరు బొమ్మకి పాత చొక్కా తొడిగి, గొంబే అని పేరు పెట్టారు. ఆ స్టేషన్‌లో ఏ పనికైనా వేలు చాపి, గొంతెత్తి చెప్పాలి. మందు పేరు చూపించి “పేరు, సరి!” అనాలి. గడువు చూపించి “గడువు, సరి!” అనాలి. నరం పైకి తేలడానికి చేతికి కట్టిన రబ్బరు పట్టీ విప్పేశాక అక్కడ చూపించి “పట్టీ, సరి!” అనాలి. ప్రతిసారీ పక్కనున్న మనిషి కూడా తన కళ్ళతో చూసి, తన వేలు చాపి, “సరి!” అనాలి. రెండు సరిలు పడితేనే మందు లోపలికి వెళ్ళాలి.

చినత్సు గొంబే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టేది. “ఓచి గారూ, నేనే పొరబడుతున్నానేమో గానీ… సూది కొంచెం… కాదులెండి, బాగానే ఉంది.”

“బాగుందా, బాగాలేదా?”

“బాగుందండి. ఇంకొంచెం వాలిస్తే…”

“వాలిస్తే?”

“ఏం లేదండి. క్షమించండి.”

తప్పు చెప్పే ముందు ఒక క్షమాపణ, చెప్పాక ఒకటి, అసలు చెప్పకుండానే మరొకటి. పెద్దవాళ్ళని చిన్నవాళ్ళు దిద్దకూడదని పెరిగిన పిల్ల. కజుయో కూడా అలాగే పెరిగింది, కాబట్టి అది మర్యాద అని ఆమెకి తెలియకపోలేదు. అయినా ఆ మర్యాద ఒంటికి కారం రాసినట్టుండేది. ఇంత బాగా వచ్చినదానికి ఇంత వంగడం దేనికి? తనని చూసి జాలి పడుతోందని లెక్క వేసుకుంది.

ఒక మధ్యాహ్నం నిప్పులార్పే జట్టువాళ్ళు గొట్టాలు ఆరబెట్టి అటుగా వస్తూ ఆగారు. “ఓచి అక్క బడికెళ్తోందిరోయ్. టీచరమ్మా, మార్కులెన్ని?” అన్నాడొకడు.

చినత్సు కంగారుగా లేచి వాళ్ళకీ వంగి దణ్ణం పెట్టింది. వాళ్ళు వెళ్ళేదాకా కజుయో గొంబే చొక్కా గుండీలు సర్దుతూ కూర్చుంది. తరువాత నెమ్మదిగా అంది.

“చూడు నినోమియా. పరీక్ష నాది. నేను సరి అన్నప్పుడు నువ్వు పక్కన నిలబడి సరి అను. అంతకుమించి నోరు విప్పకు.”

“అలాగేనండి.”

అక్కడి నుంచి సాధన నీళ్ళలా సాగింది. తను సరి అంటుంది, ఆ పిల్ల సరి అంటుంది. ఆ చక్కని గొంతు తన వెనకాలే తన మాటే పలుకుతుంటే కజుయోకి ఎంత బాగుండేదో. చెయ్యి వణకడం కూడా తగ్గింది.

పరీక్షకి ముందు ఒకసారి చూసిపోతానని సుగా డాక్టరు స్టేషన్‌కే వచ్చారు. షెడ్డులో అందరూ గోడ పొడవునా నిలబడ్డారు. గొంబే ఆ రోజు కమలా తోటలో పడిపోయిన రైతు, ఒంట్లో చక్కెర పడిపోయింది. డాక్టరు ఫైరింజను అవతలికి వెళ్ళి ఫోన్ పట్టుకున్నారు. కజుయో ఇవతలి నుంచి రోగి సంగతి చెప్పింది, మందుకి అనుమతి అడిగింది, ఆయన చెప్పింది తిరిగి చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. గొంబే చేతికి పట్టీ బిగించి సూది పెట్టింది. మొదటిసారికే నరం దొరికి, గొట్టంలోకి ఎర్ర రంగు నీళ్ళు వచ్చాయి.

ఆ ఎరుపు చూడగానే కజుయోకి ఒకటే కోరిక పుట్టింది. ఆ పిల్ల చూసిందా? తలెత్తి చినత్సు మొహంలోకి చూసింది. చూస్తూనే వేలు గొంబే చేతి వైపు చాపింది.

“పట్టీ, సరి!”

గొంబే చొక్కా చెయ్యి జారి మోచేతి పైభాగాన్ని కప్పేసింది. గుడ్డ కింద పట్టీ బిగించింది బిగించినట్టే ఉంది. చినత్సు కళ్ళు ఆ ఉబ్బు మీదకి వెళ్ళాయి, కజుయో మీదకి వచ్చాయి. పెదాలు విడివడి మళ్ళీ కలుసుకున్నాయి.

“సరి,” అంది.

కజుయో మందు నెట్టింది.

“చాలు,” అంటూ డాక్టరు ఇంజను వెనక నుంచి వచ్చి చొక్కా చెయ్యి పైకి తోశారు. “పట్టీ ఇక్కడే ఉంది. పైన ఇలా బిగించి ఉంటే మందు ఎటు పోతుంది? ఇది చిక్కటి గ్లూకోజు. నరం చిట్లి బయటికి కారితే చుట్టూ చర్మం చచ్చిపోతుంది. గొంబే కాబట్టి ఏమీ అనలేదు.”

ఆయన కజుయో వైపు తిరిగారు.

“ఓచీ, వేలు పట్టీ వైపే ఉంది. కళ్ళెక్కడున్నాయి?”

కజుయో గబగబా పట్టీ విప్పింది.

“నినోమియా, నీకు కనబడలేదా?”

“కనబడిందండి.”

“కనబడి సరి అన్నావా?”

“నా తప్పేనండి. నోరు జారింది.”

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “రెండో మనిషి ఉన్నది కోరస్ పాడటానికి కాదు. కెప్టెన్ గారూ, ఈ అమ్మాయి మళ్ళీ నేర్చుకుని నాకు చూపించేదాకా మందు ముట్టుకోవద్దు. వేరే జట్టు నుంచి మనిషిని వేసుకోండి.”

“అలాగేనండి,” అని చినత్సు నడుం విరిగేలా వంగింది.

కజుయోకి ముందు వచ్చింది సంతోషమే. చలికాలంలో వేడి సారాయి గొంతు దిగినట్టు మెల్లగా, హాయిగా దిగింది. ఆ చేతికి సూది లేదు ఇక. ఇంటివాళ్ళ కళ్ళు ఆ చేతి మీద ఉండవు. సామాను సర్దుతున్నట్టు వంగి ఆ హాయిని దాచుకుంది.

అప్పుడే గోడ దగ్గర నుంచి గుసగుసలు వినిపించాయి.

“చూశావా, పెద్దావిడ పరువు పోతుందని తన మీద వేసుకుంది.”

“ఒక్క మాట ఎదురు చెప్పిందా? ఈ రోజుల్లో అలాంటి పిల్ల ఎక్కడుందిరా!”

“మా కోడలికి చెప్పాలి ఈ సంగతి.”

దిగిన సారాయి దిగినట్టే పులిసిపోయింది. సూది ఆ పిల్లకే, గొంతు ఆ పిల్లకే, అమ్మ వేయించిన వేడి బిళ్ళ ఆ పిల్లకే. చివరికి తప్పు తను చేస్తే, ఆ తప్పు కూడా ఆ పిల్ల ఒంటి మీదే నగలా అమరింది! కజుయో సామాను అక్కడే వదిలేసి, కారు తలుపు తీస్తున్న డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

“డాక్టరు గారూ! ఆ తప్పు నాది.”

“నీది నీకు చెప్పాను కదా.”

“రెండోది కూడా నాదే. నోరు విప్పకుండా సరి మాత్రం అనమని నేనే చెప్పాను.”

వెనకాలే చినత్సు వచ్చిపడింది. “కాదండీ, ఓచి గారు నా కోసం అలా అంటున్నారు. తప్పు నాదే…”

“నువ్వుండవే!” కజుయో అరిచింది. “ఇది కూడా నీకే కావాలా? నా తప్పయినా నాకు వదిలిపెట్టవా?”

కెప్టెన్ కికుచి నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఇద్దరినీ కాసేపు చూసి అన్నారు.

“మీ తగువు నాకక్కర్లేదు. నినోమియా మాట మారదు, మందు ముట్టుకోవద్దు. ఓచీ, నీ పేరు కూడా పరీక్షకి పంపను. ఈ అమ్మాయి నీ మొహం మీద ‘ఆపు’ అనాలి, అనగానే నీ చెయ్యి ఆగాలి. అది నాకు చూపించిన రోజున ఇద్దరి కాగితాల మీదా సంతకం పెడతాను.”

కారు వెళ్ళిపోయింది. కజుయో బతుకుతెరువు చినత్సు నోట్లో, చినత్సుది కజుయో చేతిలో చిక్కుకుంది.

ఆ ‘ఆపు’ అనే మాట చినత్సు నోటి నుంచి తీయడం కంటే గొంబే చేత మాట్లాడించడం తేలికనిపించింది. కజుయో కావాలని తప్పులు చేసేది. పట్టీ విప్పేది కాదు. గడువు దాటిన సిరంజి తీసేది. చినత్సు మెడ దాకా ఎర్రబడేది.

“ఓచి గారూ… కాస్త ఆపుతారా, దయచేసి.”

“నేనేమన్నా టీ పోస్తున్నానా? ఈపాటికి మందు సగం వెళ్ళిపోయింది.”

“ఆపండి…”

“మీ ఇల్లు తగలబడితే కూడా ఇలాగే పిలుస్తావా? ‘మంట గారూ, శ్రమ అనుకోకపోతే కాస్త చల్లారతారా’ అని?”

గోడవతల ఎవరో పకపకా నవ్వారు. చినత్సు నవ్వలేదు. తల వంచుకుని గొంబే చేతి ముడతలు సాపు చేస్తూ కూర్చుంది. ఆ వంచిన మెడ చూస్తే కజుయోకి మళ్ళీ ఒళ్ళు మండింది. ఏడ్చినా అందంగానే ఏడుస్తుంది కాబోలు.

“నిజం చెప్పు. నన్ను చూస్తే నీకు జాలి కదూ?”

“జాలి కాదు!” చినత్సు తలెత్తింది. “భయం! మీరు నా వైపు చూసే చూపంటే భయం. ఆ రోజు పట్టీ కనబడింది. మీ చూపూ కనబడింది. పట్టీ కంటే మీ చూపే పెద్దగా కనబడింది. నేనేం చెయ్యను?”

కజుయో చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది. తన మొహం ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. లోపల ఉన్నది లోపలే ఉందనుకుంది. అది బయటికి వచ్చి, రోగికీ మందుకీ మధ్య నిలబడి, ఆ పిల్ల నోరు నొక్కిందన్నమాట.

ఓదార్పు మాటలు ఆమెకి చేతకావు. “నా మొహం చూడకు,” అంది చివరికి. “నా చేతులు చూడు. నేనూ నీ మొహం చూడను. చూస్తే నాకు పని చెడుతుంది.”

మళ్ళీ మొదలుపెట్టారు. ఇద్దరూ తలలు వంచుకుని గొంబే చేతినే చూస్తూ కూర్చున్నారు. కజుయో పేరు చెప్పింది, గడువు చెప్పింది. పట్టీ దగ్గరికి వచ్చేసరికి విప్పకుండానే వేలు చాపి, “సరి!” అంది.

“ఆపు!”

పైన వంటగదిలో కెప్టెన్ చేతిలో గరిటె కిందపడిన చప్పుడు వినిపించింది. కజుయో చెయ్యి, ఆమె అనుకునేలోపే, గాల్లో ఆగిపోయింది. చినత్సు రెండు చేతులతో నోరు మూసుకుంది.

“క్షమించం…”

“ఆ మాట అంటే చంపేస్తా. ఇంకోసారి అరువు.”

డాక్టరు చూశారు, సంతకాలు పెట్టారు. పరీక్షలో ఆ అరుపు అక్కర్లేకపోయింది. కజుయో చెయ్యి కొంచెం వణికింది కానీ కళ్ళు పక్కకి పోలేదు. అనుమతి పత్రం అమ్మకి చూపిస్తే, తొమికో చేతి నూనె తుడుచుకుని రెండుసార్లు చదివి, “ఆ పిల్లకి కూడా ఒక పొట్లం తీసుకెళ్ళు,” అంది.

చలి మొదలయ్యాక పిలుపు వచ్చింది. కమలాలు పెట్టెల్లో సర్దే కొట్టంలో ఒక ముసలాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. చక్కెర పరీక్ష చేస్తే అడుగంటి ఉంది. ఫోన్‌లో డాక్టరు అనుమతిచ్చారు. ఈసారి కెప్టెన్ తల దగ్గర కూర్చున్నాడు. సూది కజుయో చేతిలో ఉంది. ముసలాయన భార్య, కొడుకు, పక్క తోటవాళ్ళు, అందరి కళ్ళూ ఆ చేతి మీదే.

పేరు సరి, గడువు సరి, పట్టీ సరి. ప్రతిదానికీ పక్కన ఇంకో సరి పడింది. కజుయో మందు నెమ్మదిగా నెట్టడం మొదలుపెట్టింది.

“ఆపు!”

చెయ్యి ఆగింది. చినత్సు వేలు సూది కొనకి కాస్త పైన ఉంది. అక్కడ ముసలి చర్మం చిన్న ఉసిరికాయంత ఉబ్బుతోంది. నరం చిట్లింది. కజుయో సూది తీసి ఒత్తిపట్టి, డాక్టరుకి మళ్ళీ చెప్పి, రెండో చేతికి వేరే నరం వెతికింది. మళ్ళీ అన్నీ మొదటి నుంచి, వేలితో, గొంతుతో. ఈసారి మందు సాఫీగా వెళ్ళింది.

కాసేపటికి ముసలాయన కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, ఎండిపోయిన నోటితో అడిగాడు. “ఇందాక ఎవరు అరిచింది?”

“నేనేనండి. క్షమించండి,” అంది చినత్సు.

“నీ అరుపుకే మెలకువొచ్చిందమ్మా. నన్ను లేపింది నువ్వే.”

ఆయన భార్య చినత్సు చేతులు పట్టుకుని ఏడ్చింది. రెండు చేతులకి రెండు సూదులు పెట్టి మందెక్కించిన కజుయో, వాడేసిన సూదులు డబ్బాలో వేస్తూ కూర్చుంది.

నాలుగు రోజుల తరువాత కెప్టెన్ ఆమెని పిలిచి, మేలు చేస్తున్నవాడిలా గొంతు తగ్గించాడు. “నినోమియాని రెండో షిఫ్టుకి మారుస్తున్నాను. మన జట్టులో మందిచ్చేది నువ్వొక్కదానివే ఉంటావు. నీకు కావలసింది అదేగా?”

అదే. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది అచ్చంగా అదే.

“మార్చకండి.”

“అదేమిటి?”

“మీరు అరిస్తే నా చెయ్యి ఆగదు. ఆ పిల్ల అరిస్తే ఆగుతుంది.”

“అయితే కడుపుమంట చల్లారిందన్నమాట.”

“ఎవరన్నారు? ఆ ముసలాయన కమలాల పెట్టె పంపాడు కదా, ‘గట్టి గొంతు అమ్మాయికి’ అని రాసి.”

“తీసుకోకూడదని తిరిగి పంపేశాం కదా.”

“పెట్టె పంపారు. పైనున్న చీటీ ఆ పిల్ల దాచుకుంది. నేను చూశాను.”

కజుయో షెడ్డులోకి నడిచింది. చినత్సు గొంబే చొక్కా మారుస్తోంది.

“నినోమియా, ఇవాళ సూది నువ్వు పెట్టు. నేను పక్కన నిలబడతాను.”

నిలబడి, కళ్ళు ఆ చేతుల మీద పెట్టింది. ఆ చేతుల్లో తప్పెక్కడ దొరుకుతుందా అని ఆ స్టేషన్‌లో ఆమె చూసినంత ఓపిగ్గా ఎవరూ చూడలేరు. పేరు, సరి. గడువు, సరి. పట్టీ, సరి. సిరంజి కొనలో ఆవగింజంత గాలి బుడగ చినత్సు చూసుకోలేదు.

“ఆపు!” అని కజుయో ఎంతో తృప్తిగా అరిచింది.